ఒంటరి మేక, మూడు పులులు

గుడి మండపంలో రాతిపలక మీద చెక్కిన మేకాపులీ గీతలు చూడనివారు మన పల్లెల్లో అరుదు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దానిని చంపగలదు. మేక పులిని ఎన్నటికీ చంపలేదు. మేకలకు గెలుపుదారి ఒక్కటే ఉన్నది: పులికి కదలడానికి చోటు లేకుండా చేయడం. చదరంగంలో వలె ఇక్కడ ఇరుపక్షాలకూ సమానబలం లేదు, సమానమైన ఎత్తులూ లేవు. ఈ ఆటను కల్పించిన ఆ అజ్ఞాత మేధావి ఎవరో గాని, బలవంతునికీ బలహీనునికీ మధ్య జరిగే పోరాట స్వరూపాన్ని నాలుగు గీతల్లో ఇమిడ్చి చూపించాడు.

చిన్నతనంలో వేసవి మధ్యాహ్నాల్లో తోడు దొరకక నేనొక్కడినే కూర్చొని రెండువైపులా ఆడుకొనేవాణ్ణి. పట్టుమని పది ఎత్తులైనా సాగకుండానే విసుగు పుట్టేది. పులి మనసులో ఉన్నది మేకకు ముందే తెలిసిపోతే ఇక ఆట ఎక్కడిది? ఒంటరిగా ఆడేవాని మొదటి కష్టం అదేనని ఆనాడే గ్రహించాను. సుమారు యాభై సంవత్సరాల తరువాత ఆ కష్టమే మరొక రూపంలో, కంప్యూటర్ తెర మీద, నాకు మళ్ళీ ఎదురైంది.

మా అన్నగారి అబ్బాయి హైదరాబాదులో ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తాడు. అతనికి తీరిక దొరికే వేళకు స్నేహితులందరూ ఎవరి పనుల్లో వారు ఉంటారు. పగటిపూట నిద్రపట్టని గంటల్లో అతనికి కాలక్షేపం ‘ఆర్మా 3’ అనే సైనిక అనుకరణ వీడియో గేమ్. ఒకనాడు వారింటికి వెళ్ళినప్పుడు, “బాబాయ్, నేనొక మిషన్ తయారుచేశాను. మీరొకసారి ఆడి చూడండి” అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఈ ఆటను గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. చెక్ రాజధాని ప్రాగ్ నగరంలో 1999లో స్థాపితమైన బొహీమియా ఇంటరాక్టివ్ అనే సంస్థ 2001లో ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’ అనే ఆటను వెలువరించింది. దాని వంశంలోనే 2013లో ‘ఆర్మా 3’ వచ్చింది. ఇతర తుపాకీ ఆటలలో వలె ఇందులో వీరుడు పది గుళ్ళు తగిలినా పరుగెత్తడు. ఒకటి రెండు గుళ్ళకే కథ ముగుస్తుంది. కొండ ఎక్కితే ఆయాసం వస్తుంది. ఆయాసంతో తుపాకీ గురి చలిస్తుంది. ఆటస్థలం సుమారు 270 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ‘ఆల్టిస్’ అనే కల్పిత ద్వీపం. గ్రీసు దేశానికి చెందిన లెమ్నోస్ ద్వీపాన్ని నమూనాగా తీసుకొని దీనిని నిర్మించారు. వీటన్నిటికంటె విశేషమేమంటే, ఆటతోపాటు ఒక ఎడిటర్‌ను కూడా ఇస్తారు. దాని సహాయంతో ఎవరైనా సైనికులను, వాహనాలను, గ్రామస్థులను తమకు నచ్చిన చోట నిలిపి, సొంత కథను అల్లుకోవచ్చు. ఈ ఆటలు ఇన్నేళ్ళు నిలవడానికి ఆటగాళ్ళే అల్లుకొన్న ఇటువంటి మిషన్లు ముఖ్యకారణం.

మావాడి కథ సరళమైనది. ద్వీపాన్ని పరాయి సేన ఆక్రమించింది. నేను స్థానిక గెరిల్లాను. గ్రామం అంచున ఉన్న చెక్‌పోస్టును నాశనం చేయాలి. మొదలుపెట్టిన మూడు నిమిషాలకు నేలకొరిగాను. తుపాకీ పేల్చినవాడెవడో కూడా నాకు కనిపించలేదు. మళ్ళీ ఆడాను, మళ్ళీ అదే గతి. ఐదవసారి కూడా అంతే ఐనప్పుడు అతను నవ్వి, “నలుగురు కలిసి ఆడితే బాగుంటుంది బాబాయ్. ఒక్కరికి కష్టమే” అన్నాడు.

“మరి నువ్వు ఆడేది ఒక్కడివేగా?” అన్నాను.

అతను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెదకడంలో మేమిద్దరం కొన్ని వారాలు గడిపాము. ఆ అనుభవమే ఈసారి మన శీర్షికకు విషయం.

పదిమంది కలిసి ఆడే మిషన్‌లో ఒకరు బైనాక్యులర్లతో దూరాన్ని పరికిస్తారు. ఒకరు మెషిన్‌గన్‌తో శత్రువు తల ఎత్తకుండా చూస్తారు. ఒకరు గాయాలకు కట్టు కడతారు. వెనుదిరిగే దారిని ఒకరు కనిపెట్టి ఉంటారు. తొమ్మిదిమంది లేనప్పుడు వారు చేసే పనులు మాత్రం ఎక్కడికీ పోవు. అవన్నీ ఒక్కని మీద పడతాయి. దీనికి సామాన్యంగా చేసే చికిత్స ఏమంటే శత్రువులను ముప్పై నుంచి పదికి తగ్గించడం, లేదా వారి చూపును, గురిని మందగింపజేయడం. మావాడు మొదట చేసినదీ అదే. ఫలితం ఏమైంది? పులి పిల్లిగా మారింది. పులి పిల్లి ఐతే మేక తెలివికి విలువేమున్నది? గెలిచాను గాని, గెలిచినట్లు అనిపించలేదు.

అప్పుడు మాకు తట్టిన మొదటి సంగతి ఇది. గెరిల్లా యుద్ధం స్వభావరీత్యా కొద్దిమంది యుద్ధం. మొదటి ప్రపంచ సంగ్రామంలో అరబ్బుల తిరుగుబాటుతో కలిసి పనిచేసిన టి.ఇ. లారెన్స్, తిరుగుబాటు సాగడానికి జనాభాలో నూటికి ఇద్దరు క్రియాశీలురైతే చాలునని, తక్కిన 98 మంది మౌనంగా సానుభూతి చూపితే సరిపోతుందని లెక్క చెప్పాడు. ఆ తిరుగుబాటుదారులు మదీనా కోటను ముట్టడించి గెలవాలని పట్టుబట్టలేదు. హెజాజ్ రైలుమార్గాన్ని అక్కడక్కడ తెంపుతూ తురుష్క సైన్యాన్ని ఆ దారి కాపలాలోనే బంధించారు. మదీనాలోని సైనికులు లొంగిపోయినది 1919 జనవరిలో, అంటే యుద్ధం ముగిసిన తరువాత. పులిని చంపకుండా కదలనీయకపోవడమంటే ఇదే. కాబట్టి ఒంటరి ఆటగానికి సైనికదళం పని అప్పగించి, అది సులభం కావడానికి శత్రువును బలహీనపరచడం తప్పు. శత్రువును బలవంతునిగానే ఉంచి, ఒక్క మనిషి చేయగల పనిని అప్పగించాలి.

ఒక్క మనిషి చేయగల పని ఏది? చూడడం, వినడం, దాగడం, వేచి ఉండడం, ఎవరూ లేని వేళ ఒక తీగ తెంచి తిరిగి రావడం. రెండవ ప్రయత్నంలో చెక్‌పోస్టును అట్లాగే ఉంచి, ఆటను తెల్లవారుజామున మూడు గంటలకు, గ్రామానికి రెండు కిలోమీటర్ల దూరాన కొండమీద ప్రారంభించాము. చేతిలో ఒక పాత తుపాకీ, బైనాక్యులర్లు. కాపలావాళ్ళు ఎప్పుడు మారతారో, సామగ్రి లారీ ఏ దారిన వస్తుందో, రేడియో టవరు దగ్గర ఎందరున్నారో చూచి తెలుసుకొన్నవానికి మాత్రమే దారి తెరుచుకొంటుంది. చెక్‌పోస్టును సమీపించడానికి ఒకటి కాదు, మూడు దారులు పెట్టాము. వాగు వెంట పాకడం ఒకటి. నిరాయుధంగా, మామూలు దుస్తుల్లో, పాత కారులో దర్జాగా వెళ్ళడం రెండవది. లారీని దూరంగానే అడ్డగించి, చెక్‌పోస్టును ఆకలితో ఖాళీ చేయించడం మూడవది. దారి ఒక్కటే ఉన్నప్పుడు ఒంటరి ఆటగాడు దాన్ని బట్టీపట్టి గెలుస్తాడు. మూడు దారులున్నచోట ఆలోచించి గెలుస్తాడు.

ఇక్కడే నా చిన్ననాటి చిక్కు, రెండవ పక్షం మనసు సంగతి, మళ్ళీ ముందుకు వచ్చింది. కాగితపు ఆటల రూపకర్తలు కూడా దీనితో చాలాకాలం కుస్తీపట్టారు. తిరుగుబాటుల చరిత్రను బల్లమీద ఆడించే ఒక ఆటల మాల 2012లో అమెరికాలో మొదలైంది. ఆ మాలలోనే 2019లో మన స్వాతంత్ర్యోద్యమం మీద ‘గాంధీ’ అనే ఆట వచ్చింది. 1917 నుంచి 1947 వరకు గల కాలం దాని కథావస్తువు. ఎదుటి పక్షాలవారు లేనప్పుడు వారి బదులు నిర్ణయాలు చేసే చీట్ల ఏర్పాటు ఒకటి అందులో ఉన్నది. దానికి వారు పెట్టిన పేరు ‘అర్జున’! ఒంటరిగా కూర్చున్నవానికి ఎదుటి మనసును తెలియనీయకుండా దాచిపెట్టడమే ఆ చీట్ల ప్రయోజనం.

కంప్యూటర్‌కు ఈ పని మరింత సులభం. ఆర్మాలో ప్రతి దళమూ తన శత్రువును గురించి తనకెంత తెలుసో 0 నుంచి 4 వరకు ఒక అంకెగా మనసులో ఉంచుకొంటుంది. అలికిడి విన్నప్పుడు ఆ అంకె కొద్దిగా పెరుగుతుంది. కంటితో చూచినప్పుడు మరింత పెరుగుతుంది. మిషన్ రూపకర్త ఈ అంకెను ఆధారంగా చేసుకొని శత్రువు స్పందనను మెట్లుమెట్లుగా అమర్చవచ్చు. అనుమానం కలిగితే ఇద్దరు సైనికులు వచ్చి వెదకుతారు. తుపాకీ మోగితే జీపు వస్తుంది. రేడియో పనిచేస్తూ ఉంటేనే హెలికాప్టర్ వస్తుంది. మొదటి కూర్పులో వీటన్నిటినీ ఒకేసారి నా మీదకు వదిలినందువల్లనే నేను మూడు నిమిషాల్లో హతమైనది. ఒకదానికీ మరొకదానికీ నడుమ వ్యవధి ఉంటే భయపడడానికి, పారిపోవడానికి, తప్పు దిద్దుకోవడానికి సమయం చిక్కుతుంది. ఒంటరివానికి కావలసినది కనికరం కాదు, కాలం.

కాలంతోపాటు మరి రెండు సౌకర్యాలు అవసరమని అనుభవం మీద తెలిసింది. మొదటిది: వెనుదిరగడం ఓటమి కాకూడదు. పని సగం చేసి ప్రాణాలతో బయటపడ్డవానికి కథ ముందుకు సాగాలి. మరునాడు శత్రువు అప్రమత్తుడై ఉంటాడు, అంతే. రెండవది: ఎక్కడ ఆపితే అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టే వీలుండాలి. పదిమంది ఆడే మిషన్‌లో ఒకరు మరణించినా తక్కినవారి వల్ల కథ నడుస్తుంది. ఒంటరివాడు మరణిస్తే ఆట మొత్తం ఆగిపోతుంది. గంటసేపు పాకి వచ్చినవాణ్ణి ఒక్క గుండుతో మళ్ళీ కొండమీదికి పంపితే అతనికి పట్టుదల పుట్టదు, విరక్తి పుడుతుంది.

ఇక సహచరుల సంగతి. కంప్యూటర్ నడిపే అనుచరులను ఒంటరి ఆటగానికి ఇవ్వవచ్చు గాని, ఎనిమిదిమందిని ఇస్తే అతను యుద్ధం మాని పశువుల కాపరి ఉద్యోగం చేయవలసి వస్తుంది. ఒకడు గోడకు చిక్కుకొంటాడు, ఒకడు వాగులో నిలబడిపోతాడు, ఒకడు దాగవలసినచోట తుపాకీ పేలుస్తాడు. ఇద్దరు చాలునని మేము నిర్ణయించుకొన్నాము. ఒకరు గాయానికి కట్టు కట్టేవారు, ఒకరు మోర్టార్ దగ్గర దూరాన ఉండి రేడియోలో పిలిస్తే పలికేవారు. కనబడని సహచరుడు కనబడే సహచరునికంటె తక్కువ చిక్కులు తెస్తాడు.

మేము కష్టపడి నేర్చుకొన్న ఈ పాఠాలు ఆ ప్రాగ్ సంస్థకు ముందునుంచీ తెలిసినవే. 2002లో మొదటి ఆటకు అనుబంధంగా వచ్చిన ‘రెసిస్టెన్స్’లో నోగోవా అనే కల్పిత ద్వీపాన్ని సోవియట్ సేన ఆక్రమిస్తుంది. విశ్రాంతిగా బ్రతుకుదామనుకొన్న విక్టర్ ట్రోస్కా అనే మాజీ సైనికుడు తిరుగుబాటుకు నాయకుడు కావలసి వస్తుంది. ఒక మిషన్‌లో శత్రువు నుంచి లాక్కొన్న తుపాకులే తరువాతి మిషన్‌కు ఆయుధాగారం. మరణించిన అనుచరుడు తిరిగిరాడు. 1968 ఆగస్టులో పరాయి ట్యాంకులు తమ రాజధాని వీధుల్లోకి రావడం చూచిన దేశంలో ఇటువంటి కథ పుట్టడం ఆశ్చర్యం కాదు. 2014 జనవరిలో వెలువడిన ఆర్మా 3 ప్రచారఘట్టం ‘అడాప్ట్’లోనూ సేన చెదరిపోయిన ఒక సైనికుడు గెరిల్లాలతో చేరి, దొరికిన తుపాకులను శిబిరానికి చేరవేస్తూ బ్రతుకుతాడు. 2020లో వచ్చిన ‘ఓల్డ్ మాన్’లో వృద్ధాప్యంలో అడుగుపెడుతున్న ఒక పూర్వసైనికుడు పసిఫిక్ ద్వీపంలో దాదాపు ఒంటరిగా తిరుగుతూ స్థానిక తిరుగుబాటుదారులకు తోడ్పడతాడు. ఆటగాళ్ళే తయారుచేసిన వాటిలో ‘యాంటిస్టాసి’ పేరుపొందినది. ప్రతిఘటన అన్న అర్థమిచ్చే గ్రీకు మాట అది. అందులో మామూలు దుస్తులు ధరించి శత్రువు కళ్ళ ముందే తిరగవచ్చు. రేడియో టవరును పడగొడితే చుట్టుపక్కల స్థావరాలు సహాయం కోరలేవు. ప్రతి పట్టణంలోనూ ప్రజల మద్దతు ఎవరికెంత అన్నది లెక్కకు వస్తుంది.

ప్రజలు! అసలు కథ ఇక్కడినుంచి మొదలవుతుంది.

రెండవ కూర్పును నేను ఉత్సాహంగా ఆడాను. తెల్లవారేదాకా చూచాను. రేడియో టవరును కూల్చాను. కాని వాగు వెంట పాకుతుండగా ఒక కాపలావాడు నన్ను పసిగట్టాడు. భయపడి రేడియో తీసి మోర్టార్‌ను పిలిచాను. చెక్‌పోస్టు ఎగిరిపోయింది, దానిని ఆనుకొని ఉన్న ఇల్లు కూడా. పొగ తగ్గాక చూస్తే వాకిట్లో ఇద్దరు గ్రామస్థులు పడి ఉన్నారు. తెరమీద పెద్ద అక్షరాలతో వచ్చింది: మిషన్ సఫలం.

నేను కుర్చీలోనుంచి లేచాను. “ఇదేమిట్రా?” అన్నాను.

“గెలిచారు బాబాయ్!”

“ఆ ఇద్దరి సంగతి?”

“అది ఆటే కదా, బాబాయ్. నలుగురం ఆడేటప్పుడైతే మోర్టార్ అనగానే ఎవరో ఒకరు వద్దంటారు. ఊరి పక్కన వేయొద్దని పోట్లాడతారు కూడా.”

ఆ మాటతో మాకు అసలు లోపం కనబడింది. ఒంటరి ఆటగాడు పోగొట్టుకొన్నది మెషిన్‌గన్ పట్టే మనిషినో, కట్టు కట్టే మనిషినో కాదు. ‘వద్దు’ అనే మనిషిని. పదిమందిలో ఒకరి కంటికి మరొకరు సాక్షి. ఒక్కడే ఉన్నప్పుడు సాక్షి లేడు. కాబట్టి ఒంటరివాని కోసం మిషన్ అల్లేవాడు శత్రువు మనసును కల్పించినంత శ్రద్ధతో ఆ సాక్షిని కూడా కల్పించాలి.

ఆర్మాలో ఈ పనికి యాంత్రికమైన ఏర్పాటు ఒకటి లేకపోలేదు. ప్రతి సైనికునికీ నడవడిని కొలిచే అంకె ఒకటుంటుంది. సొంతవారినో పౌరులనో చంపితే అది దిగజారుతుంది. మైనస్ 2000 కంటె దిగువకు పోతే సొంత పక్షంవారే అతణ్ణి శత్రువుగా ఎంచి కాలుస్తారు. కాని ఇది దొంగతనానికి కొరత వేసినట్లుండే శిక్ష. ఆ గీత దాటనంతవరకు ఏమీ జరగదు. దాటగానే ఒక్కసారిగా అంతా జరుగుతుంది. లోకంలో గ్రామం అట్లా నడవదు.

అప్పుడు మా అమ్మమ్మగారు చెప్పిన సంగతులు మావాడికి చెప్పాను. 1948 ప్రాంతంలో వారి ఊరు తెలంగాణ పోరాటపు దారిలో ఉండేది. రాత్రిపూట తలుపు తట్టిన చప్పుడు విన్నప్పుడు ఎవరని అడగడానికి కూడా భయమట. వచ్చినవారికి ఉన్న అన్నం పెట్టేవారట. తెల్లవారాక మరొకరు వచ్చి, రాత్రి అన్నం తిన్నవారెవరని గద్దించేవారట. “ఇద్దరికీ మా తలుపు కావాలి నాయనా, మా ప్రాణం ఎవరికీ అక్కరలేదు” అనేది ఆమె. ఆ ఇంట్లో ఎవరు ఏ పక్షాన్ని ఎందుకు ఇష్టపడ్డారన్నది వేరే కథ. తలుపు తెరవడం, మూయడం అన్నవి మాత్రమే ఆ ఇల్లాలి చేతిలోని ఆయుధాలు. గెరిల్లా యుద్ధంలో నూటికి 98 మంది చేతిలో ఉండేవి ఆ రెండే.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఐతే దీన్ని మన నల్లమలలోనే పెట్టనా బాబాయ్? మనవాళ్ళకు ఇంకా దగ్గరగా ఉంటుంది” అన్నాడు. వద్దన్నాను. 1946-51 నాటి తెలంగాణ పోరాటం గాని, ఆ తరువాత శ్రీకాకుళం కొండల్లో జరిగినది గాని ఇంకా చాలా ఇళ్ళల్లో గోడమీది ఫోటోలుగా ఉన్నాయి. ఏ పక్షాన పోయినవారైనా వారి బిడ్డలు బ్రతికి ఉన్నారు. ఒకరి తండ్రి మరణించిన చోట మనం గెలుపు ఓటముల పందెం వేయరాదు. ఆ ప్రాగ్‌వారు నోగోవా, ఆల్టిస్ వంటి కల్పిత ద్వీపాలను సృష్టించుకొన్నది అందుకే కాకపోవచ్చు గాని, కల్పిత స్థలంలో ఎవరి పక్షమూ వహించకుండా ఆలోచించే స్వేచ్ఛ లభిస్తుంది.

వాస్తవానికీ కల్పనకూ మధ్య ఈ గీత ఎంత సున్నితమైనదో ఆ ఆట చరిత్రే చెబుతుంది. 2012 సెప్టెంబరులో ఆ సంస్థ ఉద్యోగులు ఇద్దరు లెమ్నోస్ ద్వీపంలో సైనికస్థావరాల ఫోటోలు తీశారన్న అభియోగంపై గ్రీసులో నిర్బంధితులై, నాలుగు నెలలపాటు చెరసాలలో గడిపారు. 2021లో అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయపై వైమానికదాడి దృశ్యాలంటూ మన దేశంలోని కొన్ని టెలివిజన్ చానళ్ళు చూపినవి నిజానికి ఆర్మా 3లోని దృశ్యాలు. ఇటువంటివి పదేపదే జరగడంతో 2022 నవంబరులో ఆ సంస్థే ముందుకు వచ్చి, తమ ఆట దృశ్యాలను నిజయుద్ధం నుంచి ఎట్లా వేరుచేసి గుర్తించాలో లోకానికి చెప్పవలసి వచ్చింది. కంటికి అంత నిజంగా కనిపించే ఆటలో మనుషులు మాత్రం బొమ్మలుగా పడి ఉంటే, ఆ నిజం సగం అబద్ధమే.

ఈ సంగతిని ఆ సంస్థ కూడా గుర్తించిందనడానికి 2017లో వచ్చిన ‘లాస్ ఆఫ్ వార్’ అనే అనుబంధం నిదర్శనం. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సహకారంతో తయారైన ఆ కథలో నాయకుడు సైనికుడు కాదు. పేలని బాంబులను ఏరివేసే ఒక సహాయసంస్థ కార్యకర్త. ఒరియోకాస్ట్రో అనే శిథిలగ్రామంలో పని చేస్తూ, ఆ ఊరికి ఏమి జరిగిందో అతను ఒక విలేఖరికి వివరిస్తాడు. ఆ వివరణలో అదే ఊరిని మనం వేరువేరు మనుషుల కళ్ళతో, వేరువేరు కాలాల్లో చూస్తాము. ఒకనాడు తుపాకీతో దూరిన ఇంటికే మరొకనాడు బాంబులు ఏరడానికి వస్తాము. ఆ అనుబంధంపై ఆ సంవత్సరం వచ్చిన నికరాదాయంలో సగభాగాన్ని రెడ్‌క్రాస్ కమిటీకి విరాళంగా ఇచ్చారు. అదికూడా ఒంటరిగా ఆడే కథే అన్నది గమనించదగ్గ విషయం.

మా మూడవ కూర్పులో ఊరు ఊరైంది. కొత్త సైనికుణ్ణి ఒక్కణ్ణి కూడా చేర్చలేదు. కంప్యూటర్‌కు భారం కాకుండా దూరాన ఉన్న దళాలు నిద్రాణంగా ఉండి, ఆటగాడు సమీపించినప్పుడు మేల్కొనే ఏర్పాటు ఆర్మాలో ఉన్నది. శత్రుసైనికులకు దానిని వర్తింపజేసి, ఊరివారికి మాత్రం మినహాయించాము. ఆటగాడు చూచినా చూడకపోయినా ఊరు మేలుకొనే ఉంటుంది. ఐదు ఇళ్ళు, ఐదు తలుపులు. చర్చి ముందు అరుగుమీద ఒక ముసలివాడు. మొదటి రోజు వెళ్ళి పలకరిస్తే లారీ వచ్చే వేళ చెబుతాడు. ఊరి దగ్గర కాల్పులు జరిపితే మరునాడు రెండు తలుపులు మూతపడతాయి. మోర్టార్ పిలిస్తే ముసలివాడు అరుగుమీద ఉండడు. ఎవరూ మనల్ని తిట్టరు. తెరమీద ఏ అక్షరాలూ రావు. లారీ ఎప్పుడు వస్తుందో తెలియదు, దాగడానికి ఇల్లు దొరకదు, గాయానికి మందు దొరకదు. శత్రుబలం పెరగదు, మన బలం తరుగుతుంది. ఎందుకు తరిగిందో మనకు మాత్రమే తెలుస్తుంది.

దీనిని ఆడినప్పుడు రెండు గంటలు పట్టింది. తెల్లవారుజామున కొండ దిగాను. ఆ ద్వీపంలో మేకలున్నాయి. ఒక మంద రాళ్ళ మధ్య మేస్తున్నది. వాటి నడుమ పడుకొని చెక్‌పోస్టును చూస్తూ ఉన్నాను. మోర్టార్ రేడియో చేతిలోనే ఉన్నది. సమీపంలో ఇల్లున్నది కనుక పిలవలేదు. ముసలివాడు చెప్పిన వేళకు లారీ వచ్చింది. ఊరికి మూడు కిలోమీటర్ల దూరాన, వంతెన దగ్గర దాని టైర్లు పేల్చి, చీకటిలోకి జారుకొన్నాను. అట్లా మూడు రాత్రులు. నాలుగవ ఉదయం చూస్తే చెక్‌పోస్టులో సైనికులు లేరు. తిండి, నూనె అందక వారు దానిని వదలి వెళ్ళిపోయారు. ఒక్కణ్ణి కూడా చంపలేదు. ఒక్క తలుపు కూడా మూతపడలేదు.

వెనుకనుంచి చూస్తున్న మావాడు, “బాబాయ్, ఇక్కడ ‘మిషన్ సఫలం’ అని వేయడం మరచిపోయాను” అన్నాడు.

“వేయకు. ఊళ్ళోకి నడిచి వెళ్ళి చూస్తాను” అన్నాను.

వెళ్ళాను. అరుగుమీద ముసలివాడు ఉన్నాడు.

ఒంటరిగా ఆడుకొనేవారు మన మధ్య నానాటికీ ఎక్కువవుతున్నారు. ఉద్యోగాల వేళలు కలవక, స్నేహితులు ఊళ్ళు మారి, పిల్లలు దూరదేశాలకు పోయి, తెరముందు ఒక్కరే కూర్చొనేవారు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తున్నారు. వారికోసం ఆటలు అల్లేవారికి నా మనవి ఒక్కటే. శత్రువులను తగ్గించి వారిమీద జాలి చూపవద్దు. వారికి కాలం ఇవ్వండి, దారులు ఇవ్వండి, వెనుదిరిగే వీలు ఇవ్వండి. అన్నిటికంటె ముఖ్యంగా, వారు చేసిన పనిని మౌనంగా చూచే ఒక మనిషిని అరుగుమీద కూర్చోబెట్టండి. నా చిన్నతనంలో మండపం మీద నేనొక్కడినే మేకాపులీ ఆడుకొంటున్నప్పుడు, పూజారిగారు అటుగా వెళుతూ ఒక్క నిమిషం ఆగి చూచేవారు. ఆయన చూస్తున్నంతసేపూ నేను పులిపక్షాన దొంగ ఎత్తు వేసేవాణ్ణి కాదు.